సభలో కూర్చున్నవారి వంతు



ఈసారి స్వాధ్యాయానికి మహాభారతం సభాపర్వం నుంచి ఒక చిన్న ఉపాఖ్యానం తీసుకున్నాను. ద్యూతసభలో విదురుడు చెప్పిన కథ అది. ప్రహ్లాదుడు, ఆయన కొడుకు విరోచనుడు, అంగిరసుడి కొడుకు సుధన్వుడు అందులో పాత్రలు. పురాణ కాలక్షేపాల్లో ఈ కథ పెద్దగా వినిపించదు. దానికి ముందూ వెనకా జరిగే ఘోరం ధాటికి ఎవరి మనసూ దాని మీద నిలవదు. నేనూ చాలాసార్లు దాటేసి చదివినవాణ్ణే. మొన్న సంక్రాంతి తర్వాత మాత్రం దాటలేకపోయాను. ఎందుకో ముందు చెబుతాను.

మన కానింగ్ వేల్, దాని చుట్టుపక్కల తెలుగువాళ్లకు వాట్సాప్ గ్రూపులకు కొదవలేదు. పిల్లల పాఠశాలకొకటి, క్రికెట్‌కొకటి, పండుగ భోజనాలకొకటి. వాటిలో ఏదో చెప్పను గానీ, ఒక గ్రూపులో రెండు వందల పైచిలుకు సభ్యులం ఉన్నాం. అడ్మిన్లు ముగ్గురు. వాళ్లలో నేనొకణ్ణి. సంక్రాంతి భోజనాలు బాగానే జరిగాయి. ఆ రోజు ఎండ నలభై డిగ్రీలు. రాత్రి పదిన్నరకు గ్రూపులో ఒక ఫోటో పడింది. చెత్త డబ్బాలో పులిహోర, ఒకటి కాదు, రెండు పెద్ద ట్రేలది. కింద ఒకే వాక్యం: “అన్నం పరబ్రహ్మం అని పిల్లలకు చెబుతాం, ఇదిగో మన వంటగది.”

తర్వాత ఏమైందో మీలో చాలామంది ఊహించగలరు. ముందు ఆశ్చర్యపోయిన బొమ్మలు, కన్నీళ్ల బొమ్మలు. ఆ వెనకే బ్రహ్మానందం స్టిక్కర్లు. ఎవరో “చందా డబ్బులు చెత్తబుట్టలో” అన్నారు. ఇంకెవరో లెక్కలు బయటపెట్టమన్నారు. అక్కడినుంచి మాట ఏ జిల్లావాళ్లు ఎలా వండుతారన్న దగ్గరికి పోయింది. మనకంటే ఇండియా రెండున్నర గంటలు వెనక కదా, సెలవులకు వెళ్లినవాళ్లకు అప్పుడు రాత్రి ఎనిమిది. భోజనాలు ముగించుకుని వాళ్లూ దిగారు. పేరు ఎవరూ రాయలేదు. “ఆవిడ” అన్నారు. ఆవిడ ఎవరో అందరికీ తెలుసు. పదేళ్లుగా పండుగ వంటలు చూసుకునే అక్కయ్యగారు. తెల్లారేసరికి నూట అరవై దాటాయి సందేశాలు.

ఉదయం ఆరింటికి ఆవిడ ఒక్క వాక్యం రాశారు. “నాలుగు గంటలు బయట ఉంది, అందుకే పారేశాను.” రాసి, గ్రూపులోంచి వెళ్లిపోయారు.

వంటగదిలో పనిచేసేవాళ్లకు ఇది తెలిసిన సంగతే, తెలియనివాళ్ల కోసం చెబుతాను. ఆస్ట్రేలియాలో పదిమందికి వడ్డించే ఆహారానికి రెండు గంటలు–నాలుగు గంటల నియమం పాటిస్తారు. చల్లగా ఉంచాల్సిన వంటకం 5 డిగ్రీలకూ 60 డిగ్రీలకూ మధ్య రెండు గంటల లోపు ఉంటే మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు. రెండు నుంచి నాలుగు గంటలైతే వెంటనే తినేయాలి. నాలుగు దాటితే పారేయాల్సిందే. వండిన అన్నం మీద పెరిగే ఒక రకం సూక్ష్మజీవి విషం మళ్లీ వేడిచేసినా పోదు. ఆ ఎండలో ఆ పులిహోర ఎవరి పిల్లల కడుపులోకో పోకుండా ఆపిన మనిషిని మనం రాత్రంతా కూర్చుని తిట్టుకున్నాం. ఒక్కరు ఫోన్ చేసి “ఎందుకు పారేశారక్కయ్యా?” అని అడిగి ఉంటే పదిన్నరకే ముగిసేది.

ఫోటో పెట్టినాయన మర్నాడు దాన్ని తీసేసి, “సరదాకి పెట్టాను, ఇంత దూరం పోతుందనుకోలేదు” అన్నారు. ఆయన చెడ్డవాడు కాడు. మరి నా సంగతి? పదకొండు దాకా చదువుతూనే ఉన్నాను. “రేపటికి చల్లారుతుందిలే” అనుకుని ఫోన్ బోర్లించి పడుకున్నాను.

ఇక పాఠంలోకి వద్దాం.

నలుగురిలో నోరు జారడం గురించి చెప్పమంటే ఎవరైనా ముందు శిశుపాలుణ్ణే తీసుకుంటారు. రాజసూయంలో కృష్ణుడికి అగ్రపూజ చేశారని లేచి భీష్ముణ్ణీ కృష్ణుణ్ణీ నోటికొచ్చినట్టు తిట్టినవాడు. నూరు తప్పులు కాస్తానని వాడి తల్లికి కృష్ణుడిచ్చిన మాట మనకు తెలిసిందే. మంచి కథే, అయితే దానితో ఒక చిక్కుంది. ఆ కథ వింటూ “ఆ శిశుపాలుణ్ణి నేనే” అనుకున్నవాణ్ణి నేనింతవరకు చూడలేదు. ఎప్పుడూ అవతలివాడే శిశుపాలుడు. పైగా తప్పంతా ఒక్కడి నోటిదే అయితే మిగిలిన మనమంతా ప్రేక్షకులం, మనకు సంబంధం లేదు. అందుకే అదే పర్వంలో ఇంకొంచెం ముందుకు, ద్యూతసభ దగ్గరికి వెళ్తున్నాను.

ధర్మరాజు తనను తాను ఓడి, ఆ తర్వాత ద్రౌపదిని ఒడ్డి ఓడాడు. ప్రాతికామి వచ్చి సభకు రమ్మన్నప్పుడు ద్రౌపది ఏడుస్తూ వెళ్లలేదు. అతని చేతే ఒక ప్రశ్న పంపింది. ముందు తనను ఓడాడా, నన్ను ఓడాడా? తననే ఓడినవాడికి నన్ను ఒడ్డే హక్కెక్కడిది? సభ చెప్పమని అడిగింది. ప్రశ్న సభకు చేరింది, అందరూ విన్నారు, ఎవరూ జవాబివ్వలేదు. మన భాషలో చెప్పాలంటే నీలి టిక్కులు పడ్డాయి, బదులు రాలేదు. భీష్ముడంతటివాడు ధర్మం సూక్ష్మమైనదని తేల్చకుండా వదిలేశాడు. కన్న కొడుకుల దుర్మార్గం ఎదురుగా జరుగుతుంటే ధృతరాష్ట్రుడు నోరు మెదపలేదు.

అప్పుడు విదురుడు ఈ కథ చెప్పాడు. ఒక కన్య విషయంలో విరోచనుడికీ సుధన్వుడికీ ఎవరు గొప్ప అన్న పంతం వచ్చింది. ప్రాణాలే పందెం. తీర్పు చెప్పమని ప్రహ్లాదుడి దగ్గరికే వెళ్లారు, అంటే విరోచనుడి కన్నతండ్రి దగ్గరికే. నిజం చెబితే కొడుకు పోతాడు. అబద్ధం చెప్పినా, అసలు చెప్పకపోయినా నీ తల నూరు ముక్కలు కాగలదన్నంత గట్టిగా సుధన్వుడు హెచ్చరించాడు. ప్రహ్లాదుడు తొందరపడలేదు. కశ్యపుణ్ణి అడిగాడు: తెలిసి జవాబు చెప్పనివాడి గతి ఏమిటి?

కశ్యపుడి సమాధానం రెండు భాగాలు. మొదటిది: జవాబు తెలిసీ కామం వల్లనో, క్రోధం వల్లనో, భయం వల్లనో చెప్పనివాణ్ణి వేయి వరుణపాశాలు చుట్టుకుంటాయి. ఏడాదికి ఒక్కటి చొప్పున ఊడుతుంది. రెండోది ఇంకా లెక్కగా ఉంటుంది. సభలో అధర్మం జరిగితే ఆ పాపంలో సగం సభకు పెద్ద అయినవాడిది. పావు వంతు చేసినవాడిది. మిగిలిన పావు, తప్పును తప్పు అనకుండా కూర్చున్న సభ్యులది. సభ ఆ తప్పును తప్పు అన్నదా, పెద్దా సభ్యులూ బయటపడతారు, మొత్తం చేసినవాడికే పోతుంది.

ఇక్కడ కాసేపు ఆగండి. చేసినవాడికి పావు. పెద్దకు సగం. నాకు మొదటిసారి ఇది తలకిందులుగా అనిపించింది. కానీ సంక్రాంతి రాత్రిని దీని పక్కన పెట్టి చూడండి. ఒకాయన ఒక ఫోటో పెట్టాడు, అది అర నిమిషం పని. అది నూట అరవై సందేశాలు కావడానికి రాసినవాళ్లు ఓ పాతిక మంది, చదువుతూ ఊరుకున్నవాళ్లు నూట డెబ్బై మంది, ఆపే మీట చేతిలో ఉండి ఆపనివాళ్లం ముగ్గురం. కశ్యపుడు వంతులు పంచింది ఈ లెక్క చూసే.

మౌనానికి ఆయన చెప్పిన మూడు కారణాలూ మనకు కొత్తవి కావు. రాసినాయన వచ్చే అన్నదానానికి దాత, ఆయనకెందుకు కోపం తెప్పించడం? ఇది కామం. వంటగదిలో ఆవిడ మాట ఒకప్పుడు నొప్పించింది, ఇప్పుడు తగిన శాస్తి జరుగుతోందని లోలోపల సంతోషం. ఇది క్రోధం. నేను మాట్లాడితే అందరూ నా మీద పడతారు. ఇది భయం. నాది మొదటి రకం. రాసుకోవడానికి సిగ్గుగానే ఉంది.

ప్రహ్లాదుడి తీర్పు సంగతి: సుధన్వుడే గొప్ప అన్నాడు, కొడుకు ప్రాణం పోతుందని తెలిసీ. ఆ నిష్పాక్షికతకు మెచ్చి సుధన్వుడు విరోచనుడి ప్రాణం తిరిగి ఇచ్చేశాడు. ఈ కథనే విదురుడు ఉద్యోగపర్వంలో ధృతరాష్ట్రుడికి మళ్లీ చెబుతాడు. అదే శ్రోత, రెండుసార్లూ ప్రయోజనం సున్నా. కథ చెప్పడం వల్ల మాత్రమే ఎవరూ మారరని వ్యాసుడికి మనకంటే బాగా తెలుసు.

ఇవన్నీ పాత కాలపు మాటలు అనుకునేవారికి ఇటీవలి సంగతులు కొన్ని చెబుతాను. 2024 జులైలో ఒక తెలుగు యూట్యూబర్ మరికొందరితో కలిసి ప్రత్యక్ష ప్రసారంలో కూర్చుని ఒక తండ్రీకూతుళ్ల మామూలు వీడియో మీద, ఆ చిన్నపిల్ల గురించి, ఇక్కడ రాయలేని మాటలు అన్నాడు. పక్కనున్నవాళ్లు నవ్వారు. పేరు హాస్యం. నటుడు సాయి దుర్గ తేజ్ దాన్ని బయటపెట్టి రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలనూ చర్య తీసుకోమని అడిగారు. తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో కేసు పెట్టి అతన్ని బెంగళూరులో అరెస్టు చేసింది. సంభాషణలో పాల్గొన్న మిగతావారి పేర్లూ కేసులో చేరాయి. “సరదాకి అన్నాం” అన్న మాట అక్కడా వినిపించింది. నన్ను కలవరపెట్టింది ఆ మాటలకంటే ఆ నవ్వులు. ఒక్కరు “ఇది తగదు” అని ఉంటే ఆ ప్రసారం అక్కడే ఆగేదేమో.

సభకు పెద్ద అయినవాడు తన వంతు గుర్తుపెట్టుకుంటే ఏమవుతుందో చూపించేది 2018 నాటి గద్వాల. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని ఆ ఏడాది తెలంగాణ అంతటా వాట్సాప్‌లో వీడియోలు చక్కర్లు కొట్టాయి. మే నెలలో కొన్నిచోట్ల అమాయకుల్ని కొట్టి చంపారు. జోగులాంబ గద్వాల జిల్లా ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి ముందే మేలుకున్నారు. ఊరికొక పోలీసుకు బాధ్యత అప్పగించి, వాళ్లను ఊళ్లలోకి పంపి గడప గడపకూ చెప్పించారు. అదే సంగతి మీద పాటలు కట్టించి డప్పుతో పాడించారు. ఆమె పరిధిలోని నాలుగు వందల పైచిలుకు ఊళ్లలో ఒక్క ప్రాణం పోలేదు. ఫోన్‌లో పుట్టిన మంటను ఆమె ఫోన్‌తో కాదు, మనిషిని మనిషి దగ్గరికి పంపి ఆర్పారు. వాట్సాప్ సంస్థ కూడా ఆ జులైలోనే ఇండియాలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదు చోట్లకు మించి పంపకుండా కట్టడి చేసింది.

ఇక మనముంటున్న దేశపు చట్టం. 2021 సెప్టెంబరు 8న ఆస్ట్రేలియా హైకోర్టు వోలర్ కేసులో ఒక తీర్పు ఇచ్చింది. తమ ఫేస్‌బుక్ పేజీల్లో జనం రాసిన వ్యాఖ్యలకు తాము ప్రచురణకర్తలం కామని వార్తాసంస్థలు వాదించాయి. పేజీ తెరిచి, జనాన్ని రాయమని పిలిచినవాళ్లూ ప్రచురణకర్తలేనని మెజారిటీ న్యాయమూర్తులు తేల్చారు. తర్వాత కొన్ని రాష్ట్రాలు చట్టాలు సవరించుకున్నాయి, ఆ చర్చ న్యాయవాదులకు వదిలేద్దాం. కానీ అరుగు కట్టినవాడికి అరుగు మీద జరిగేదానితో సంబంధం ఉందన్న ఆలోచన కశ్యపుడితో ఆగిపోలేదని తెలుస్తోంది కదా. ఆన్‌లైన్‌లో పెద్దవాళ్ల మీద జరిగే తీవ్రమైన వేధింపుల మీద 2022 జనవరి నుంచి ఈసేఫ్టీ కమిషనర్‌కు ఫిర్యాదు చేసుకోవచ్చు. అయితే ఆ చట్టం గీత చాలా ఎత్తులో ఉంది. తీవ్రమైన హాని తలపెట్టినట్టు కనబడాలి. పులిహోర తగవు దాకా అది దిగిరాదు, రాకూడదు కూడా. అక్కడ మనమే దిక్కు.

నిరుడు డిసెంబరు 10 నుంచి పదహారేళ్ల లోపు పిల్లలకు పెద్ద పెద్ద సామాజిక మాధ్యమాల్లో ఖాతాలు లేవు. (వాట్సాప్ ఆ జాబితాలో లేదు.) మా అమ్మాయి నా భుజం మీదుగా ఆ రాత్రి సందేశాలు చూసి, “నాన్నా, పెద్దవాళ్లకు ఏ వయసు నుంచి నిషేధం?” అంది. నా దగ్గర జవాబు లేదు.

పిల్లతనం మాట వచ్చింది కాబట్టి, ఈ పాఠంలో అతి ముఖ్యమని నాకు తోచిన చోటికి వస్తున్నాను. ద్యూతసభలో అందరూ మౌనంగా ఉన్నప్పుడు లేచింది వికర్ణుడు. దుర్యోధనుడి తమ్ముడు. ద్రౌపది ఓడిపోలేదని కారణాలు చూపించి మరీ చెప్పాడు. దానికి కర్ణుడు ఏమన్నాడు? పిల్లవాడివి, పెద్దల సభలో పెద్ద మాటలు మాట్లాడుతున్నావన్నాడు. సభ మొత్తంలో పరిపక్వత లేనివాడన్న ముద్ర పడింది ధర్మం మాట్లాడిన ఒక్కడి మీద.

దీన్ని కమిటీల్లో ఉన్నవాళ్లం గుర్తుపెట్టుకోవాలి. “గ్రూపు వాతావరణం పాడుచేయకండి” అన్న మాట మన చేతిలో ఎంత సులువైన ఆయుధమో నాకు తెలుసు. ఆ రాత్రి లెక్కలు అడిగిన సభ్యుడి మాట తీరు బాగాలేదు. కానీ అడిగినదాంట్లో తప్పులేదు. చందా ఇచ్చినవాడికి అడిగే హక్కుంది. ద్రౌపది ప్రశ్న కూడా ఆ సభకు ఇబ్బందికరమైనదే. ఇబ్బంది పెట్టే ప్రశ్నా, మనిషిని చిన్నబుచ్చే మాటా రెండూ ఒకేలా గొంతు పెంచి వస్తాయి. వేరుచేసి చూడటమే పెద్దరికం చేసేవాడి పని.

వేరుచేయడానికి గీత పదిహేడో అధ్యాయంలో ఒక కొలత ఉంది. వాక్కుతో చేసే తపస్సు ఎలాంటిదో అక్కడ భగవానుడు చెబుతాడు. మాట ఎదుటివాణ్ణి కలవరపెట్టకూడదు, నిజం కావాలి, ప్రియం కావాలి, మేలు చేయాలి. వీటిలో ఏదో ఒకటి ఎంచుకోమనలేదు, అన్నీ కలిసి ఉండాలి. మనం సాధారణంగా “ఉన్నమాటే అన్నాను” అని తప్పించుకుంటాం. ఆ ఫోటో నిజమే. డబ్బాలో ఉన్నది పులిహోరే. మిగిలినవేవీ అందులో లేవు. లెక్కలడిగిన మాటలో ప్రియం లేదు గానీ, హితం ఉంది. ఆయనకు తీరు మార్చుకోమని చెప్పాలి, జవాబూ ఇవ్వాలి.

మా గ్రూపులో తర్వాత ఏం చేశామో చెబుతాను, మీ గ్రూపులకు పనికొస్తే సరే. రాత్రి పది దాటాక అడ్మిన్లు తప్ప ఎవరూ రాయకుండా సెట్టింగ్ మార్చాం. ఎవరైనా గుర్తుపట్టగల మనిషి గురించి ఫిర్యాదు ఉంటే ముందు ఆ మనిషికి ఫోన్, ఆ తర్వాతే ఇంకేదైనా. తగని మాట కనబడితే మా ముగ్గురిలో ముందు చూసినవాడు అక్కడే, అందరిముందే, “ఈ మాట ఇక్కడ తగదు” అని ఒక వాక్యం రాస్తాడు. వాదన పెట్టుకోడు. రాసినవారికి విడిగా ఫోన్ చేస్తాడు. తప్పును అందరిముందు అనడం, మనిషితో విడిగా మాట్లాడటం. మొదట్లో రెండూ తారుమారు చేసేవాళ్లం. డబ్బు మీద వచ్చిన ప్రశ్న ఏదీ తొలగించం. కోశాధికారి వారంలోగా జవాబు రాస్తారు. ఈ పద్ధతి నచ్చక “పోలీసు రాజ్యం” అని ఒకాయన వెళ్లిపోయారు. పొద్దున్నే గులాబీల బొమ్మలు పంపేవారిని మాత్రం ఇప్పటికీ ఏమీ చేయలేకపోతున్నాం.

స్వాధ్యాయ బృందాల్లో దీన్ని చదివేటప్పుడు ఒక పని చేయండి. ఈ మధ్య మీరున్న గ్రూపులో జరిగిన ఒక గొడవ గుర్తుచేసుకుని, రాసినవాళ్ల పేర్లు వదిలేసి, ఆ సమయంలో మీరేం చేశారో మాత్రం చెప్పుకోండి. కామమా, క్రోధమా, భయమా? పైకి చెప్పడం కష్టమైతే కాగితం మీద రాసుకుని ఇంటికి తీసుకుపోండి.

అక్కయ్యగారి ఇంటికి నేను వెళ్లడానికి మూడు వారాలు పట్టింది. వెళ్లేముందు ఏం చెప్పాలో రెండుసార్లు కారులో వల్లించుకున్నాను కూడా. ఆవిడ లోపలికి రమ్మన్నారు. పిల్లల చదువుల గురించి అడిగారు. నేను నెమ్మదిగా ఆ రాత్రి మాట ఎత్తి, నిద్రపోయాననీ, పొద్దున చూసేసరికి చేయిదాటిపోయిందనీ మొదలుపెట్టాను.

“పదకొండు దాకా నీ పేరు కింద ఆన్‌లైన్ అని కనబడుతూనే ఉంది నాయనా,” అన్నారు. “నువ్వేమైనా రాస్తావేమోనని చూస్తూ కూర్చున్నాను.”

“ఉన్నానక్కయ్యా,” అన్నాను.

ఆవిడ లేచి కాఫీ పెట్టడానికి వెళ్లారు.